కాగితం రాకముందే

మార్చి 6. పొద్దుటి నుంచి మబ్బు. కల్లంలో ఎండబోసిన పసుపు మీద టార్పాలిన్ కప్పి వచ్చాను. శీను, నా నంబర్ బ్లాక్ చేశావు కాబట్టి ఇది నీకు చేరదు.

నేను మళ్లీ కంపెనీ మారుతున్నాను. ఇది మూడోది. చేరడానికి వారం ఉందని ఆర్మూర్ వచ్చాను. ఈరోజు మార్కెట్‌లో మీ బాపు కలిశాడు.

నీకు గుర్తుండే ఉంటుంది. మనిద్దరం కలిసి చేరిన మొదటి ఉద్యోగంలో ఎనిమిది నెలలకే ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూ ఇచ్చాం. వాళ్లు నాకు ఆఫర్ లెటర్ పంపారు. నీకు ఫోన్‌లో మాట మాత్రమే ఇచ్చారు. కాగితం వచ్చాకే రాజీనామా చేస్తానన్నావు. "మన దగ్గర లారీల పసుపు నోటిమాట మీదనే అమ్ముతరు, నీకు కాగితమెందుకురా" అని నేనే నవ్వాను. ఆ సాయంత్రమే నువ్వు రాజీనామా పంపావు. కాగితం రానే లేదు. పాత కంపెనీ తిరిగి తీసుకోలేదు. ఏడాది వెతికి, దుబాయ్‌లో గోదాము పనికి పోయావు.

మీ బాపు నా భుజం మీద చెయ్యేసి అడిగాడు. "మావోడు మంచి నౌకరి ఊకెనే ఇడిశిపెట్టిండు బిడ్డా. పక్కనే ఉంటివి, జర చెప్పకపోతివా?"

"చెప్పిన కాకా. వాడే ఇనలే" అన్నాను.

ఆయన తల ఊపి, నాకూ ఒక చాయ్ చెప్పాడు. తాగాను.