వాగొడ్డు 585వ సంచిక

నవంబర్ 8, 2024. శుక్రవారం

1537వ సంచిక వచ్చింది. నాలుగు పేజీలు, రెండు వందల కాపీలు. సగం వర్ధంతి ఫోటోలే. మడతలు పెట్టి, అడ్రస్ చీటీలు అంటించి పోస్టుకు పంపేసరికి పదకొండయింది.

అన్నం తింటూ మా ఆయన చెప్పారు, 1550తో మా వారపత్రిక ‘వాగొడ్డు’ ఆపేద్దామని. బెల్లంపల్లిలో గనులు పోయాయి, క్వార్టర్లు పోయాయి, ఇంక చదివేదెవరని. చివరి సంచికలో పత్రిక చరిత్ర వేయాలట. నన్నే రాయమన్నారు. “రిజిస్టర్ నీ దగ్గరనే ఉన్నది గదా. ఇరవై తొమ్మిదేండ్ల సంది ఒక్క వారం తప్పలేదని మొదటి లైన్లనే రాయి” అన్నారు.

రాస్తానన్నాను.

నవంబర్ 11

రిజిస్టర్ తీశాను. 1995 జూన్ 2 నుంచి ప్రతి శుక్రవారానికీ ఒక వరుస. నంబరు, తేదీ, కాపీలు. అంతా నా చేతిరాతే. ఎవరు చూసినా మెచ్చుకుంటారు.

నిజం ఇక్కడ రాసుకుంటాను. వారం తప్పితే సర్కారు ప్రకటనలు ఆగిపోతాయి. అందుకని పత్రిక రాని వారాలను తరువాత నింపేవాళ్లం. పాత తేదీ వేసి, ప్రెస్‌నోట్లతో నాలుగు పేజీలు నింపి, పది కాపీలు కొట్టించేవాళ్లం. కొన్ని ప్రకటనలిచ్చే ఆదిలాబాద్ సర్కారు ఆఫీసుకు, ఒకటి లైబ్రరీకి, ఒకటి మా కట్టలోకి. వాటికి ఫైల్ కాపీలని పేరు. ఊళ్లో ఎవరి చేతికీ అందని పత్రిక అది. ప్రూఫులు మాత్రం శ్రద్ధగా దిద్దేదాన్ని.

అటువంటి వారాలు ఎన్నో ఇంతవరకు లెక్కపెట్టలేదు. అన్నీ లెక్కపెట్టే మనిషిని, ఇదొక్కటి వదిలేశాను.

నవంబర్ 14

సమ్మవ్వ అనే ముసలామె వచ్చింది. వెంట బిడ్డ జ్యోతిరాణి, మంచిర్యాలలో బట్టల షాపులో నిలబడే పని. సమ్మవ్వ భర్త పోశం గనిలో చేసి ఏడేళ్ల కింద పోయాడు. పోశం అని జ్యోతిరాణి చెప్పింది. సమ్మవ్వ నోట మొగుడి పేరు రాదు. “ఒక్క పేరే తియ్యను పేపరమ్మా, ఆయనకు రెండు పేర్లాయె, రెండెట్ల తీద్దును” అని నవ్వింది.

ఆ రెండో పేరుతోనే వచ్చింది చిక్కు. నౌకరీ కాగితం హనుమండ్లు అనే చుట్టానికి వచ్చిందట. అతను బొగ్గుబాయిలోకి దిగనని పారిపోతే, ఆ పేరు మీద పోశం దిగాడు. ముప్పై ఏళ్లు మస్టరు హాజరుపట్టీలో హనుమండ్లే. ఇలా మారుపేరు మీద చేసినవాళ్ల పిల్లలకు ఉద్యోగాలిచ్చే సంగతి ఇప్పుడు గనుల కంపెనీ కమిటీ చూస్తోంది. తండ్రి బతికుండగా పత్రికలో ప్రకటన ఇచ్చి ఉంటే ఒప్పుకుంటారట. జ్యోతిరాణికి మార్చిలో వయసు దాటిపోతుంది.

సమ్మవ్వ ప్లాస్టిక్ కవరులోంచి రసీదు తీసింది. “హనుమండ్లు అలియాస్ పోశం, ప్రకటన, 11-8-2006 సంచిక.” నా చేతిరాత. రసీదు చాలదంటున్నరు, ఆ పేపర్ ఒక్కటి ఇప్పించు, నీ కాల్మొక్కుత అంది.

రేపు వెతుకుతానన్నాను.

నవంబర్ 15

11-8-2006. 585వ సంచిక. కట్టలో ఉంది. ప్రకటన లేదు.

నాలుగు పేజీలూ రెండుసార్లు చూశాను. ప్రెస్‌నోట్లే. అది ఫైల్ కాపీ. ఆ ఆగస్టులో వానలకు మంచిర్యాల ప్రెస్ రెండు వారాలు నడవలేదు. సెప్టెంబరులో నింపాం. ఎవరూ చూడని కాపీలో ప్రకటన ఎందుకు, వచ్చే వారం మంచిగా వేద్దాం అనుకున్నాం. వచ్చే వారం మరిచిపోయాం.

ఆయనను అడిగాను. అప్పుడు చెప్పారు. పోశం ఒకసారి బజారులో కలిసి అడిగాడట. “అచ్చింది పోశం, నీ పేరు ముద్దుగచ్చింది” అన్నారట. పోశంకు చదువు రాదు. సంతోషంగా పోయాడట.

నవంబర్ 19

నిద్ర లేదు.

నవంబర్ 21

మంచిర్యాల పోయాను. మొదటి నుంచీ మాకు కంపోజ్ చేసిన నిరంజన్‌కు అంతా చెప్పాను. “గంట పని వదినా. పాత ఫాంట్ నా దగ్గరనే ఉన్నది. అప్పటి కాగితం కూడ అడుగున ఉంటది” అన్నాడు. మూడో పేజీలో ఒక ప్రెస్‌నోట్ తీసి ప్రకటన పెడితే సరిపోతుందట.

లైబ్రరీకి పోయి చూశాను. పాత కట్టలు వాననీళ్లకు తడిసి పారేశారట. ఆదిలాబాద్ ఆఫీసు సంగతి అడిగితే నిరంజన్ నవ్వాడు. “జిల్లానే నాలుగు ముక్కలాయె. గా కట్టలు ఎలుకల కడుపుల ఉన్నయి వదినా.”

పోశం ప్రకటన ఇచ్చింది నిజం. రసీదు నిజం. ఇన్నేళ్లు ప్రకటనల కోసం అబద్ధపు కాపీలు కొట్టాం. ఈ ఒక్కటి ఒక నిజం కోసం.

ఆయన వద్దన్నారు. నేను వినలేదు.

నవంబర్ 25

585వ సంచిక మళ్లీ అచ్చయింది. ఒకే కాపీ. పాతదిగా కనబడాలని రెండు రోజులు ఎండలో పెట్టాను. ప్రకటనకు ప్రూఫు నేనే దిద్దాను. ఒక్క తప్పు లేదు.

నవంబర్ 28

ఇచ్చాను. జ్యోతిరాణి ఆ నాలుగు లైన్లు తల్లికి చదివి వినిపించింది. సమ్మవ్వ కాగితాన్ని కళ్లకద్దుకుంది.

జనవరి 9, 2025

జ్యోతిరాణి కమిటీ ఉత్తరం తెచ్చి నా ముందు పెట్టింది.

ఆదిలాబాద్ ఆఫీసు కట్టలు భద్రంగా ఉన్నాయి. కమిటీ వాళ్లు 585 తెప్పించుకున్నారు. దాని మీద నా సంతకంతో చీటీ కూడా ఉందట, “ఇందువెంట పంపడమైనది” అని. అందులో ప్రకటన లేదు. కాబట్టి జ్యోతిరాణి పెట్టింది దొంగ పత్రం. కేసు కొట్టేశారు. ఇక మళ్లీ దరఖాస్తు పెట్టే వీలు లేదు.

ఆఫీసు కట్టలో ఉన్న 585 కూడా దొంగదేనని కమిటీకి రాసిస్తానన్నాను. “రాస్తే రెండూ దొంగయే అయితయి ఆంటీ. మా బాపుది ఏ పేపర్ల ఉన్నట్టు?” అంది.

జనవరి 12

సమ్మవ్వ ఇంటికి పోయాను. కూర్చోమంది, చాయ్ పెట్టింది. తిట్టలేదు. “మీ పేపర్ల రాకుంటనే బతికిండు, రాకుంటనే సచ్చిండు. అచ్చినంక దొంగయిండు” అంది.

చాయ్ తాగి వచ్చాను.

జనవరి 30

చరిత్ర రాశాను. రెండు పేజీలు. రాని వారాలన్నీ తేదీలతో వేశాను. మొత్తం 214. పోశం సంగతి మొదటి లైన్‌లో పెట్టాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు. మడిచి బీరువాలో పెట్టారు. ఇది అచ్చయితే ఊళ్లో తిరగగలమా అన్నారు. ఇది లేకుండా చివరి సంచిక మడతలు నేను పెట్టనన్నాను. ఇద్దరం పట్టు వదలలేదు.

ఫిబ్రవరి 7. శుక్రవారం

1550: రాలేదు.

రిజిస్టర్‌లో వెనక్కి పోయి, 585 వరుస కొట్టేసి, రాలేదు అని దిద్దాను. పక్కన ఉన్న ఖాళీలో పోశం ప్రకటన నాలుగు లైన్లూ రాశాను.

కాపీలు: 1.