గ్యాసు ఓడ మట్టి మేటకు ఆనిన సంగతి

బుజ్జి వాళ్ల అమ్మమ్మకు, నా కోడిగీతలూ తప్పులూ మన్నించి చదువుకో. నేను కులాసా.

మా గ్యాసు ఓడ రేవు ముందర మట్టి మేటకు ఆని ఆగిపోయిందని ఎవరైనా చెబితే కంగారుపడకు. నేను ఓడ నడిపే పైగదికి టీ పట్టుకెళ్లినప్పుడే జరిగింది. మన బుజ్జి కన్నా నాలుగేళ్లు పెద్దదేమో, ఆఫీసరమ్మ ఒకతె లోతు చూపే మర మీదే కన్నేసి ఉంది. "లోతు తగ్గిపోతోంది సార్, వేగం తగ్గించండి!" అని అరిచింది. కెప్టెన్ వెంటనే తగ్గించాడు. అందుకే ఓడ మెత్తగా ఆనింది, నా చేతిలో టీ సగమే ఒలికింది.

"తాతా, ముందు కిందికెళ్లి పొయ్యి ఆపు," అన్నాడు కెప్టెన్.

"కూర సగమే ఉడికింది బాబూ."

"కూర పోతే పోనీ, నిప్పు వద్దు."

ఓడ అడుగు రెండు పొరలట. బయటి పొరకు సొట్ట పడింది, లోపలి గ్యాసు తొట్లు చెక్కుచెదరలేదు. సముద్రానికి పోటు వచ్చి నీరు పెరిగాక టగ్గు పడవలు ఓడను బయటికి లాగాయి. అందాకా అందరం రొట్టె, అరటిపళ్లతో సరిపెట్టుకున్నాం. "తాత వంట తప్పించుకోవాలంటే ఓడనే మట్టిలో దింపాలన్నమాట," అని కుర్రాళ్లు ఒకటే నవ్వు.

నీ మోకాలు ఎలా ఉంది? పెరటి తలుపు గడియ బాగుచేయించు.

బుజ్జిని ఓడ చదువుకు పంపనని నువ్వు భీష్మించుకు కూర్చున్నావు. ఇది దాచి నిన్ను ఒప్పించడం ఇష్టం లేక రాశాను. భయం లేదనను, ఆ పూట నేనూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కానీ అలా కనిపెట్టి చూసే పిల్ల ఒకతె ఉండబట్టే అందరం బాగున్నాం. ఆ అమ్మాయి తన పాత పుస్తకాలు బుజ్జికిమ్మని ఇచ్చింది. నా పెట్టెలో పెట్టాను.

బుజ్జికి నా దీవెనలు. పుస్తకాలు తేనా, తిరిగి ఇచ్చేయనా? నీ మాట ప్రకారమే చేస్తాను. తొందరగా జవాబు రాయి.