పికప్‌కు కొత్త మెట్టు

స్వరూపా, బర్రెకు కుడితి పెట్టు. పప్పు వండి పెట్టిన, తిను. నేను అవ్వను తీసుకొని మానుకోటల చిన్నమ్మ ఇంటికి పోతున్న. నిజంగనే! మన పికప్ మెట్టు అందక, మనం లేపి కూసోబెడితే సిగ్గయి, అవ్వ బండెక్కుడే బంజేసింది గద. చిన్నమ్మ రమ్మని ఫోన్‌ల ఏడ్సినా పోలేదు. పొద్దుగాల వెల్డింగ్ షాపుల ఆ మెట్టు కింద ఇంకో మెట్టు పెట్టిచ్చిన. కాలు జారకుండ రబ్బరు అతికిచ్చిన, పట్టుకునేతందుకు తలుపు పక్కన కడ్డీ బిగిచ్చిన.

"నన్నెవ్వరు పట్టుకోకుండ్రి" అన్నది అవ్వ. తనంతల తానే ఎక్కింది! మళ్ల దిగి, మళ్ల ఎక్కింది. నవ్వు ఆగుతలేదు ఆమెకు. నువ్వు చూడాల్సింది. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తవైతివి.

ఐలేశ్

బండిలకెల్లి అవ్వ ఒర్రుతున్నది, రాయమని. ఇగ ముందల కిటికీ సీటు ఆమెదేనట. నువ్వు నడుమ కూసోవాల్నట.