సంచి లేని నడక

సూర్యాపేట, మంగళవారం

అమ్మా, నేను క్షేమం. పరీక్ష అయ్యేదాకా హాస్టల్లో ఫోన్లు తీసుకున్నారు, అందుకే ఈ కార్డు.

జర్మనీలో నర్సు పనికి వాళ్ల భాష రావాలి కదా. ఈ వారం 'ష్పత్సీరెన్' అనే క్రియ చెప్పారు. ఏ పనీ లేకుండా హాయిగా నడవడమని అర్థం. ఇటలీ నుంచి వచ్చిందట. దాని మూలం ఖాళీ జాగా అనే లాటిన్ మాట. నేనైతే ష్పత్సీరె, నువ్వైతే ష్పత్సీర్స్ట్, ఆమె అయితే ష్పత్సీర్ట్.

మాకు జర్మన్ చెప్పే కోదాడ కళ్యాణి మేడం గంటసేపు ఊరికే నడిచి రమ్మంది. వీధి దాటకముందే పూలమ్మే ఆమె "ఎటు పోతున్నవ్ బిడ్డా, దవాఖానకా?" అంది. ఎటూ లేదంటే "ఇంట్ల ఏమన్న లొల్లయిందా?" అని పక్కన కూర్చోబెట్టుకుంది. మర్నాడు ఖాళీ సంచి పట్టుకుని నడిచాను, ఎవరూ అడగలేదు. మేడం చూసి "సంచి ఉంటే అది బజారుకెళ్లడం అవుద్ది" అని మళ్లీ పంపింది.

మిర్యాలగూడ నుంచి పౌలు బాబాయి వస్తే మామిడి తొక్కు పంపు. నాన్న మోకాలు నొప్పి తగ్గిందా?

ఇంట్లో ఒక్కొక్కరి మీద ఆ క్రియతో వాక్యం రాయమన్నారు. నాన్నది, తమ్ముడు సంపత్‌ది రాశాను. నీ దగ్గర ఆగిపోయాను. నాట్లకు, చర్చికి, రేషన్ బియ్యానికి నడిచావు గానీ, నువ్వు ఊరికే నడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఉత్త చేతులతో కాలువ దాకా పోయి రా. ఎవరైనా ఎటంటే ఎటూ లేదని చెప్పు.

ప్రభువు మీ అందరికీ తోడుండాలి. నోటుబుక్కులో నీ వాక్యానికి జాగా వదిలాను.

నీ జ్యోత్స్న