మామూలు వల

బాబాయికి నమస్కారాలు.

మీ అల్లిక షెడ్డు మూసేస్తారన్నది పుకారు కాదు, నిజమే. మా కంపెనీ మిషను వలలకి మారుతోంది. మా మేనేజరుని నెల రోజులు ఆగమన్నాను. బంతి తగిలితే ఫుట్‌బాల్ గోల్ వల ఎంత సాగుతుందో, ఎలా ఊగుతుందో కంప్యూటర్లో లెక్కకట్టడమే కదా నా పని. మిషను వల కంటే చేతివల బంతిని మెత్తగా పడుతుందని తేలింది. అది నిజం వల మీద రుజువైతే షెడ్డు ఉంటుంది. నువ్వు రోజూ అల్లేదాని లాంటిదే ఒకటి పంపించు.

నీ అన్న కూతురు

తా.క.: మామూలుదే. దయచేసి మామూలుదే.

*

అమ్మాయికి దీవెనలు.

నలుగురు ఆఫీసర్లు చూసేదానికి మామూలు వలా? ముప్పై ఏళ్ళుగా అల్లుతున్నవాణ్ణి, నీ పరువు తీస్తానా? ముడిముడికీ రెండు మెలికలు ఎక్కువ వేసి, తాడుకి జిగురు పట్టించి వారం రోజులు కూర్చున్నాను. ఏనుగొచ్చి గుద్దినా కదలదు. మీ కంప్యూటరు నోరెళ్ళబెట్టాలి.

బాబాయి

తా.క.: 'మామూలుదని ఆ పిల్ల రెండుసార్లు రాసిందిగా' అని మీ పిన్ని గోల. మొహమాటానికి రాసిందిలే అన్నాను.

*

బాబాయికి,

కదల్లేదు. అదే కొంప ముంచింది. బంతి గోడకి కొట్టినట్టు తిరిగొచ్చి మేనేజరు కళ్ళద్దాలు పగలగొట్టింది. "మెత్తగా పట్టడమంటే ఇదేనా అమ్మా?" అన్నాడు. ఇది నీ రోజువారీ వల కాదని, ప్రత్యేకంగా అల్లానని ఆయనకి ఉత్తరం రాయి. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు.

తల పట్టుకున్న నీ అమ్మాయి

తా.క.: జన్మలో ఒక్కసారైనా పిన్ని మాట విన్నావా?

*

అమ్మాయికి,

జరిగింది జరిగినట్టే రాశాను. నిన్న షెడ్డు తలుపుకి నోటీసు అంటించారు. 'అదే మనిషి, అదే తాడుతో, బుద్ధి పుడితే ఇంకోలా అల్లుతానని స్వయంగా ఒప్పుకున్నాడు. ఇలాంటి వలలకు లెక్క కుదరదు.' నెలాఖరుకి మూత. పదకొండుమందిమి. మిగతా పదిమందీ నన్ను ఒక్క మాట అనలేదు, అదే భరించలేకపోతున్నాను. తప్పు నాదే, కాదనను. అయినా కోపం నీ మీదే వస్తోంది. నిజం రాయమని నువ్వు అనకపోతే ఏదో ఒక అబద్ధం ఆడి బయటపడేవాణ్ణి.

బాబాయి

తా.క.: దీనికి జవాబు రాయకు. నీ అక్షరాలు చూస్తే కోపం పోతుంది. ప్రస్తుతం నా దగ్గర ఉన్నది అదొక్కటే, కొన్నాళ్ళు ఉండనీ.