కిటికీ దగ్గర నిలబడొద్దు మామయ్యగారూ

మామయ్యగారూ,

మీరు రైతుబజారు నుంచి వచ్చేసరికి నేనుండను, ఇబ్రహీంపట్నం బస్సుకి వెళ్ళిపోతున్నాను. హన్విత కారియర్ పొయ్యిగట్టు మీద ఉంది. పన్నెండింటికి స్కూలు గేటు దగ్గర ఆయాకి ఇచ్చేసి, అటునుంచి అటే ఇంటికి వచ్చెయ్యండి. లోపలికి మాత్రం వెళ్ళొద్దు, మీకు దణ్ణం పెడతాను.

నిన్న టీచరుగారు ఫోన్ చేశారు. సాలీడుకి ఎన్ని కాళ్ళని హన్వితని అడిగితే, కిటికీ బయట నిలబడి మీరు "ఆరు" అని అందించారట. ఇదీ ఆరనే చెప్పిందట. మెల్లిగానే అన్నానంటారు మీరు. ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్, టికెట్ అని అరిచిన గొంతండీ అది! రెండో తరగతి మొత్తం ఒకటే నవ్వట.

ఫోన్లో క్లాసులు జరిగిన ఏడాదిన్నరా దాని పక్కన కూర్చుని అన్నీ మీరే అందించారు. వద్దంటే, "చిన్నపిల్ల, బెదిరిపోతుందమ్మా" అన్నారు. ఇప్పుడు బడి తెరిచి పది రోజులైంది. ఏం అడిగినా అది బోర్డు వంక చూడదట, కిటికీ వంక చూస్తుందట. ఆవిడకి నేనేం చెప్పుకోను?

మీ బీపీ మాత్ర మంచినీళ్ళ గ్లాసు పక్కనే పెట్టాను. టిఫిన్ తిన్నాకే వేసుకోండి.

సుస్మిత

ఇంకో మాట. సాలీడుకి ఎనిమిది కాళ్ళు. ఆ సంగతి హన్వితకి ముందే తెలుసు. మరి ఆరని ఎందుకు చెప్పావే అని రాత్రి నిలదీస్తే, "తాతయ్య చిన్నబుచ్చుకుంటాడు కదమ్మా" అంది.