కుంటలో పోసిన గోలీలు

2010 మే 18, మంగళవారం రాత్రి

పొద్దున బాపు నైట్ షిఫ్టు దిగి నేరుగా మా చేపల కుంట దగ్గరికి వెళ్లాడు. గట్టు మీది నుంచే సంతోషంగా కేకేశాడు. "జల్ది రా బిడ్డా! చేపలన్నీ పైకొచ్చి ఎట్ల ఆడుతున్నయో చూడు. నిన్నటి గోలీలు పన్జేసినయ్."

తన కాలి పుండుకు దవాఖానలో ఇచ్చిన గోలీలు చాలా మిగిలాయి. చేపలకు రోగం వచ్చిందనుకొని వాటిని దంచి నీళ్లలో పోశాడట.

నేను వెళ్లి చూస్తే చేపలు ఆడటం లేదు. నోళ్లు తెరిచి గాలికోసం కొట్టుకుంటున్నాయి. నీళ్లలో చెయ్యి పెడితే, అంత పొద్దున్నే స్నానానికి కాచినట్టున్నాయి. నీళ్లు వేడెక్కితే చేపలకు ఊపిరాడదని చెప్పాను.

"నా పుండు మాన్పిన గోలీలు వీటికి పన్జెయ్యవా?" అన్నాడు బాపు.

"ఇగ మన డాక్టరమ్మ చేపలకు సూదులు గూడ ఏస్తది," అని అమ్మ నన్ను చూసి నవ్వింది.

గ్లాసుతో నీళ్లు ముంచి వెలుతురుకు పట్టాను. చలికాలంలో ఈ కుంట నీళ్లలో గంతులేసిన సన్న పురుగులు ఒక్కటీ లేవు. చేపపిల్లలకు అవే తిండి. ఎండకు పోయాయా, మందుకు పోయాయా? రెండూ కలిస్తే ఏమవుతుందో నా జువాలజీ పుస్తకంలో లేదు. ఆ నీళ్లే మా బర్రె తాగుతుంది. దాని పాలే వదిన పసిబిడ్డకు పట్టిస్తుంది...

మిగిలిన గోలీలు రేపు పోస్తాడట. బాపు డ్యూటీకి వెళ్లాక ఆ గోలీల సంచి తీసి నా దిండు కింద దాచాను. కిటికీలోంచి ఇంకా వేడిగాలే వస్తోంది. తెల్లారి బాపు మళ్లీ గట్టు మీది నుంచి నన్ను కేకేస్తాడు. ఆ గొంతు ఎట్లా ఉంటుందో...